సెకండ్ షిఫ్టు వారం

బుధవారం పొద్దున ఆరున్నరకు షుగర్ మిషను మీద నూట పద్నాలుగు అని పడగానే సంధ్యారాణి గుండెలో రాయి పడింది. పరగడుపున తొంభై ఐదు దాటకూడదని డాక్టరమ్మ చెవినిల్లు కట్టుకుని చెప్పింది. నిన్న నూట తొమ్మిది. ఇవాళ ఇంకో ఐదు ఎక్కింది. వేలి కొసన నెత్తుటి చుక్కను దూదితో ఒత్తుకుంటూ ఆమె ఆ అంకెను పుస్తకంలో రాసింది. రాయకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే, కానీ అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు.

"ఎంతొచ్చింది?" అని వంటింట్లోంచి అత్త లింగవ్వ అడిగింది.

"నూట పద్నాలుగు, అత్తమ్మా."

లింగవ్వ పళ్ళబుట్టలో అరటిపళ్ళు లెక్కపెట్టింది. కోడలు చూస్తుండగానే లెక్కపెట్టింది. నాలుగు మాటలు తిట్టినా పోయేది, ఆ లెక్కే సంధ్యారాణి ప్రాణం తీసింది.

ఆమెకు ఏడో నెల. పెళ్ళయిన నాలుగేళ్ళకు నిలిచిన కడుపు. ఆరో నెలలో గ్లూకోజు నీళ్ళు తాగించి చేసిన పరీక్షలో, కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ అని తేలింది. భయపడొద్దనీ, కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుందనీ, తిండీ నడకా దారిలో పెట్టుకుంటే చాలామందికి మందు అవసరమే రాదనీ డాక్టరమ్మ చెప్పింది. సంధ్యారాణి ఆ మాటను అక్షరం పొల్లు పోకుండా పట్టుకుంది. చక్కెర చాయ్ మానేసింది. మధ్యాహ్నం కొలత ప్రకారం గిన్నెడన్నం, రాత్రి రెండు జొన్నరొట్టెలు, పప్పు, తోటకూర. సాయంత్రం ఆకలేస్తే గుప్పెడు పల్లీలు. తిన్న తర్వాత క్వార్టర్ల లైను ఈ చివరి నుంచి ఆ చివరికి పావుగంట నడక. ఆడబిడ్డ కొడుకు పుట్టినరోజున అందరూ కేకు తింటుంటే ఈమె కీరదోసకాయ కొరుక్కుంటూ కూర్చుంది. ఇంతకన్నా ఏం చేయాలో చెప్పండి.

మొదటి రెండు వారాలూ అంకెలు బుద్ధిగా ఉన్నాయి. మూడో వారం ఏ కారణం లేకుండా పొద్దుటి లెక్క నూరు దాటి కూర్చుంది. ఇంట్లో గొడవైంది. లింగవ్వ చక్కెర డబ్బా, బెల్లం డబ్బా తీసుకెళ్ళి తన మంచం కింద పెట్టుకుంది. తర్వాత రెండు వారాలు అంకెలు మళ్ళీ దిగాయి. దాంతో లింగవ్వకు అనుమానం పోయి నమ్మకం కుదిరింది. డబ్బాలు దాచాక తగ్గిందంటే, దాచకముందు ఎవరో తిన్నట్టే కదా! పక్క క్వార్టరు పోశవ్వ దానికి వంత పాడింది. తన చెల్లెలి కోడలు కూడా బెల్లంగడ్డ కొంగున కట్టుకుని తిరిగేదట. నల్లా దగ్గర మొదలైన ఆ మాట సాయంత్రానికల్లా లైనంతా తిరిగొచ్చింది. ఇప్పుడు ఆరో వారం. మళ్ళీ ఎక్కింది.

ఆ రోజే దవాఖానకు వెళ్ళాలి. వీరేందర్‌కు ఆ వారం సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి గానీ బొగ్గుబాయిలోకి దిగడు కాబట్టి భార్యను తనే తీసుకెళ్తానన్నాడు. లింగవ్వ కూడా చీర మార్చుకుని ఆటో ఎక్కింది. ఆమె ఎందుకు వస్తోందో సంధ్యారాణికి తెలుసు.

డాక్టరమ్మ స్కానింగు కాగితం చూసి, పుస్తకం చూసి కళ్ళద్దాలు తీసింది.

"బిడ్డ వయసుకు మించి కొంచెం లావవుతోంది. పరగడుపు లెక్క ఇట్లా ఉంటే ఊరుకోలేను. శనివారం దాకా చూస్తాను. దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం. అదేం శిక్ష కాదమ్మా, బిడ్డ కోసమే. కానీ ముందు నిజం చెప్పు, మధ్యలో ఏమన్నా తింటున్నావా?"

"లేదు మేడం."

"డాక్టరమ్మా," అని లింగవ్వ అందుకుంది, "షక్కర డబ్బా నా మంచం కింద పెట్టుకున్న. రాత్రి రెండు సార్లు లేశి చూస్త. అయిన గిట్లనే వస్తుంది. ఇగ ఇది ఏడ తింటుందో, ఎప్పుడు తింటుందో ఆ దేవునికే ఎరుక."

గదిలో ఇద్దరు నర్సులున్నారు. తలుపు దగ్గర మరో ముగ్గురు గర్భిణులు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరి ముందూ సంధ్యారాణికి తల కొట్టేసినట్టయింది. సూదికి ఆమె భయపడలేదు, రోజుకు నాలుగుసార్లు తన వేలు తనే పొడుచుకునే మనిషికి సూదంటే లెక్కేముంది? నాలుక రుచికి బిడ్డ ప్రాణం మీదికి తెచ్చే తల్లి అని తనను చూసి వీళ్ళంతా అనుకుంటున్నారు. బిడ్డ పుట్టి పెరిగినా ఈ మాట చెరగదు. అదీ ఆమె భయం.

బయట బెంచీ మీద కూర్చుని ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వీరేందర్‌కు ఏం చేయాలో తోచలేదు. అలాంటప్పుడు మగవాళ్ళు సెల్‌ఫోను చూస్తారు. దాని చార్జింగు అయిపోయింది కనక అతను పుస్తకం తెరిచాడు. ఆరు వారాల్లో ఆ పుస్తకం అతను తెరవడం అదే మొదటిసారి, అది ఆడవాళ్ళ వ్యవహారం అనుకున్నాడు మహానుభావుడు. కానీ అతను బాయిలో సర్దారు. షిఫ్టు ఎక్కగానే గ్యాసు ఎంతుందో మిషనుతో చూసి పుస్తకంలో రాయడమే అతని పని. అంకెల వరస కనపడితే అతని కళ్ళు ఊరికే ఉండవు. ఒక పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పాడు, వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు.

"సంధ్యా, సోమవారం ఎనభై తొమ్మిదే ఉన్నది కదా?"

"అవును బావా."

"మూడో వారం గూడ సోమవారం మంచిగనే ఉన్నది. మంగళవారం నుంచి పెరిగింది. ఆదివారం దాక."

"అయితే?"

అతను ఆ పేజీలో వేలు పెట్టి పుస్తకం పట్టుకుని నేరుగా డైట్ మేడం గదిలోకి నడిచాడు. ఆడవాళ్ళిద్దరూ అతని వెనకే వెళ్ళారు.

డైట్ మేడం పేరు విద్య. జ్యోతినగర్ క్వార్టర్లలో పెరిగిన పిల్ల, తండ్రి పవర్ ప్లాంటులో ఇంజనీరు, వాళ్ళది కోస్తా వైపు. ఈ దవాఖానలో చేరి ఎనిమిది నెలలైంది. మాట మెత్తన. సంధ్యారాణిని ఆమె ఎప్పుడూ దొంగను చూసినట్టు చూడలేదు గానీ, స్వీటు ఏమైనా తిన్నారా అని మూడుసార్లు అడిగిన మాట మాత్రం సంధ్యారాణి మనసులో ముల్లులా ఉంది.

"మేడం, పెరిగిన రోజులన్ని నా సెకండ్ షిఫ్టు రోజులే," అన్నాడు వీరేందర్. "ఫస్టు షిఫ్టు వారం పెరగలే, నైట్ షిఫ్టు వారం పెరగలే. బాయిల గ్యాసు పెరిగితే ఎంత పెరిగిందని కాదు, ఏ యాళ్లకు పెరిగిందని చూస్తం ముందుగల. ఇది గూడ గట్లనే చూడుండ్లి."

విద్య పుస్తకం అందుకుని కాసేపు చూసింది. "సెకండ్ షిఫ్టు అయితే మీరు ఇంటికి ఎన్నింటికి వస్తారండి?"

"పదకొండింటికి షిఫ్టు దిగి, స్నానం గిట్ల చేసి వచ్చేసరికి పదకొండుముప్పావు, పన్నెండు."

"సంధ్యా, ఆ వారం నువ్వు రాత్రి రొట్టెలు ఎన్నింటికి తింటావు?"

సంధ్యారాణికి ఆ ప్రశ్న వింతగా తోచింది. "ఆయన వచ్చినంక, మేడం."

"అంటే పన్నెండింటికి?"

"అవు. ఆయన కాళ్ళు కడుక్కోంగనే ఇద్దరం తింటం. నైట్ షిఫ్టు అయితే పోయేముందే ఎనిమిదింటికి తిని పోతడు. ఫస్టు షిఫ్టు అయితే రాత్రి ఇంట్లనే ఉంటడు."

విద్య పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం. ఐదింటికి గుప్పెడు పల్లీలు. మళ్ళీ అర్ధరాత్రి రొట్టెలు, వెంటనే పడక. ఆరున్నరకు సూది. ఇంక పొద్దున షుగర్ దిగేదెప్పుడు? ఏం తింటున్నావని ఆరు వారాలుగా అడుగుతున్నాను. ఎప్పుడు తింటున్నావని ఒక్కసారీ అడగలేదు. నాదే పొరపాటు, సంధ్యా. నువ్వు తినేదాంట్లో తప్పేమీ లేదు."

ఆ ఆఖరి మాట విని సంధ్యారాణి చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఆపుదామన్నా ఆగలేదు. ఆరు వారాల నుంచి ఆ ఒక్క మాట ఎవరో ఒకరు అంటే చాలని ఎదురుచూసింది మరి.

తిండి మార్చక్కర్లేదనీ, అవే రొట్టెలు ఏడున్నరకు తిని పావుగంట నడిచి, పదింటికి పడుకుంటే మూడు రోజుల్లో తేడా తెలియవచ్చనీ విద్య చెప్పింది. అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్‌కు వెనకాడవద్దని కూడా చెప్పింది. అంతా విన్న లింగవ్వ మూతి బిగించింది.

"అదెట్ల తింటదమ్మా? మొగడు బాయిల ఉండంగ?"

"ఎందుకు తినకూడదమ్మా?"

"మా దగ్గర తినరు. గంతే."

విద్య వాదం పెట్టుకోలేదు. లేచి వచ్చి లింగవ్వ పక్కన కూర్చుంది. "ఈ మూడు రోజులు మీ చేత్తోనే వడ్డించండమ్మా. నేను చెప్తే సంధ్య భయంభయంగా తింటుంది. మీరు వడ్డిస్తే ధైర్యంగా తింటుంది." లింగవ్వ కొంగు సర్దుకుని లేచింది.

సంగతేమిటంటే, ఆ లైనులో చాలా ఇళ్ళలో అదే కట్టుబాటు. పగటి అన్నానికి పట్టింపు లేదు. దీపాలు పెట్టాక తినే బువ్వ మాత్రం, ఇంటి మనిషి బాయిలో ఉంటే, అతను పైకి వచ్చాకే తినాలి. ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ ఒట్టు వేయించుకోలేదు. లింగవ్వకు ఆమె అత్త చెప్పింది, సంధ్యారాణికి లింగవ్వ చెప్పింది. అందుకే డాక్టరమ్మ తిండి గురించి ఎన్నిసార్లు అడిగినా ఈ మాట బయటికి రాలేదు. అది వాళ్ళ దృష్టిలో తిండి సంగతే కాదు.

మధ్యాహ్నం వీరేందర్ బాక్సు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఏడున్నరకు లింగవ్వ రొట్టెలు కాల్చింది. పప్పు, తోటకూర వేసి పళ్ళెం కోడలి ముందు పెట్టింది. వడ్డించడమైతే వడ్డించింది, పాపం, కానీ ఆ పళ్ళెం ముందు నుంచి కదలకుండా అక్కడే కూర్చుంది. సంధ్యారాణి రొట్టె తుంచి చేతిలో పట్టుకుంది గానీ నోటి దాకా పోలేదు. బావ ఇప్పుడు ఎక్కడున్నాడో, ఎంత లోతున ఉన్నాడో అనిపించింది. చదువుకున్నదాన్ని, నాకెందుకీ భయం అని తనను తాను తిట్టుకుంది. తిట్టుకున్నా ముద్ద దిగేట్టు లేదు. కడుపులో బిడ్డ ఒక్కసారి కదిలింది. కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తింది.

"వద్దు బిడ్డా, తినకు!" అని లింగవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

ముందు గదిలో టీవీ చూస్తున్న మామ నర్సింగం ఆ కేకకు ఉలిక్కిపడి లేచి వచ్చాడు. బాయిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు.

"ఏందే లొల్లి? దవాఖానల తినుమన్నరట కదా. తిననియ్యి."

"నీకేం ఎరుక?" లింగవ్వ అతని మీదికి తిరిగింది. "నీ కాలు విరిగిన్నాడు నేను తిన్న. జరమొచ్చి పండుకుంటే పక్కింటి సారవ్వ బలిమిట్ల లేపి ఇంత బువ్వ తినిపిచ్చింది. గంజుల చెయ్యి కడుక్కోంగనే కబురొచ్చింది, నీ మీద బండ పడ్డదని. నేను తిన్నందుకే నీ కాలు పోయింది. ఇరవై రెండేండ్లాయె. ఎవ్వలికి చెప్పలే. ఇప్పుడు నా కొడుకుకు గట్ల కానియ్య."

టీవీలో ఎవరో నవ్వుతున్నారు. నర్సింగం వెళ్ళి దాన్ని కట్టేసి వచ్చి, గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు తన పక్కన పడుకుని ఈ మనిషి ఇంత బరువు మోసిందా అన్నట్టు పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"నువ్వు ఎప్పుడు తిన్నవే ఆనాడు?"

"దీపాలు పెట్టినంక. ఏడైతుండె."

"బండ పడ్డది నాలుగున్నరకు," అన్నాడు నర్సింగం. "షిఫ్టు ఎక్కి గంటన్నరనే. బాక్సు మూత గూడ తియ్యలే. ఆరు గొట్టంగ నన్ను పైకి తెచ్చిన్రు. నువ్వు తినే యాళ్లకు నేను దవాఖాన మంచం మీద పండుకోని కాలుకు కట్టు కట్టిచ్చుకుంటున్న. కబురే లేటుగ వచ్చింది. నేను పైకొచ్చినంకనే తిన్నవు కదనే, పిచ్చిదానా!"

లింగవ్వ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నాలుగున్నర, ఆరు, ఏడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది. లెక్క ఎటు తిప్పినా అదే వస్తోంది. అప్పుడు ఆమె కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. అది దుఃఖం కాదని సంధ్యారాణికి తెలిసింది, ఎందుకంటే పొద్దున విద్య ముందు తను ఏడ్చింది అలాగే. ఆమె ఎడమ చేత్తో అత్త వీపు నిమిరింది.

కాసేపటికి లింగవ్వ కొంగు దించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ వాటిలో వెనకటి కారం తిరిగి వచ్చింది.

"ఇరవై రెండేండ్ల నుంచి నాకెందుకు చెప్పకపోతివయ్యా?"

"నువ్వు అడుగకపోతివి."

"మరి నువ్వు బాయిల రాత్రి ఎప్పుడు తింటుండె?"

నర్సింగం గతుక్కుమన్నాడు. అబద్ధమాడదామని చూశాడు గానీ ఆలస్యమైపోయింది. "ఏడింటికి. అందరం ఒక్కదగ్గర కూసుండి బాక్సులు తెరుస్తుంటిమి."

"ఏడింటికా? నేనిక్కడ కడుపు మాడ్చుకోని దర్వాజల కూసుంటే, నువ్వు ఏడింటికే నా చేతి బువ్వ మెక్కి, ఇంటికొచ్చి మళ్ల ఆకలైతుందని తింటుండెనా?"

"రెండోసారి తినేది నీ కోసమేనే. నువ్వు తినవని," అని నర్సింగం గొణిగాడు.

సంధ్యారాణికి నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. అత్త కొరకొరా చూసి, తనూ నవ్వేసింది. ఆ నవ్వులో ఎప్పుడు తుంచిందో, ఎప్పుడు నమిలిందో, మొదటి రొట్టె అయిపోయింది. లింగవ్వ రెండో రొట్టె పళ్ళెంలో వేసి, "నాకు గూడ ఆకలైతుంది," అని తనకూ ఒక పళ్ళెం పెట్టుకుంది. తిన్నాక అత్తాకోడళ్ళిద్దరూ లైను చివరిదాకా నడిచి వచ్చారు. పోశవ్వ తలుపు తీసి వింతగా చూసింది. ఆ రాత్రి వీరేందర్ తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఆడవాళ్ళిద్దరూ గాఢనిద్రలో ఉన్నారట. ఇల్లు తప్పి వచ్చానేమో అనుకున్నానని అతను పొద్దున చెప్పాడు.

గురువారం నూట ఒకటి వచ్చింది. సంధ్యారాణి మొహం వాడిపోతే, "దిగుతుంది తియ్యి, ఒక్కనాడే దిగుతదా," అని లింగవ్వే ధైర్యం చెప్పింది. శుక్రవారం తొంభై నాలుగు. శనివారం పొద్దున మిషను మీద ఎనభై తొమ్మిది అని పడగానే సంధ్యారాణి కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ఊపిరి పీల్చుకోవడం అంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తెలిసింది.

దవాఖానలో డాక్టరమ్మ మూడు అంకెలనూ చూసి, ఇన్సులిన్ సంగతి ఇప్పటికి పక్కన పెడదామంది. బిడ్డ బరువు మళ్ళీ రెండు వారాలకు చూద్దామనీ, అంకెలు రాయడం మాత్రం ఆపొద్దనీ చెప్పింది. విద్య తన కాగితంలో "ఏం తిన్నారు" అన్న గడి పక్కన "ఎన్ని గంటలకు" అని కొత్త గడి గీసుకుని వాళ్ళకు చూపించింది.

సాయంత్రం నల్లా వచ్చింది. లింగవ్వ బిందె తీసుకుని బయటికి వెళ్ళింది. సంధ్యారాణి వంటింటి కిటికీ దగ్గర తోటకూర తరుగుతోంది. బయట పోశవ్వ గొంతు వినిపించింది.

"ఏం లింగవ్వా, నీ కోడలి షుగర్ దిగిందట? తాళం గిట్ల వేసినవా ఏంది డబ్బాలకు?"

బిందె చప్పుడు ఆగింది. సంధ్యారాణి కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"నా కోడలు ఒక్కనాడు దొంగతిండి తినలే, పోశవ్వా," అంది లింగవ్వ, లైనులో అన్ని ఇళ్ళకూ వినపడేటట్టు. "యాళ్లకు తిననియ్యంది నేను. తప్పు నాది. నలుగురికి జెప్పు, మొన్న జెప్పినట్టే."